మూల, మొదటి పాదం

కల్పనకు ఆదివారం పదకొండున్నరకు నొప్పులు మొదలయ్యాయి. మొదటిది నడుములో పుట్టి పొట్ట చుట్టూ బిగించి వదిలింది. స్టౌ మీద పప్పు ఉడుకుతోంది. మంట తగ్గించి, గోడకు చెయ్యి ఆనించి, రెండోదాని కోసం కాచుకుంది. ఎనిమిది నిమిషాలకు అదీ వచ్చింది. ఇక అనుమానం లేదు. స్టౌ ఆర్పేసి, గదిలోకి వెళ్లి, ఆస్పత్రికని సర్దిపెట్టిన బ్యాగు మంచం కింది నుంచి లాగింది.

అసలు ఆపరేషన్ బుధవారం. ఆ బుధవారాన్ని పెట్టింది డాక్టరు కాదు, జగిత్యాల దగ్గర పల్లెలో ఉన్న అత్త లింగవ్వ. పెద్దబిడ్డ మనస్వి అక్కడి దవాఖానలో పుట్టినప్పుడు, పంతులు చెప్పిన నిమిషానికే పొట్ట కోసి తీయించారు. రెండోదానికీ అదే భాగ్యం కావాలని ఆమె ముహూర్తం పెట్టించి పంపితే, షార్జాలో డాక్టరమ్మ నవ్వి, ఆ వారంలో ఏ రోజైనా ఒకటే, బుధవారమే కానిద్దాం అంది. తర్వాత నవ్వు ఆపి ఒక మాట గట్టిగా చెప్పింది. ఈలోగా నొప్పి వస్తే తింటున్న అన్నం వదిలేసి రావాలి, పాత కుట్టు పిగిలిందంటే తల్లికీ బిడ్డకూ మిగిలేది పదిహేను నిమిషాలే. భూమేశ్ ఆ రోజు పక్కనే కూర్చుని బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఆ తల ఊపుడుకు ఎంత విలువో కల్పనకు అప్పటికి తెలియదు.

భూమేశ్ షార్జా శివారు సజ్జాలో స్కఫోల్డింగ్ ఫోర్‌మన్. పైపులు బిగించి, పలకలు పరిచి, గాలిలో దారులు కట్టే పని. పదకొండేళ్లు అలాగే బతికాడు, భయమంటే ఎరగడు. మొన్న ఎండాకాలంలో సొంత ఊరివాడు లచ్చన్న అతని కళ్ల ముందే నాలుగో అంతస్తు ఎత్తు నుంచి జారి పడ్డాడు. శవాన్ని పెట్టెలో పెట్టి ఊరికి పంపే కాగితాల మీద సంతకాలు భూమేశే చేశాడు. ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. సేఫ్టీ బెల్టు రోజూ ఇంటికి తెచ్చుకొని, పడుకునే ముందు దాని కొక్కేలు లాగి చూసుకుంటాడు. భయపడ్డవాణ్ని తప్పుపట్టకూడదు. భయంతో ఏం చేశాడన్నది మాత్రం చెప్పుకోవాల్సిందే.

"నొప్పులొస్తున్నయి. పోదాం పా," అంది కల్పన.

భూమేశ్ లేచాడు. చొక్కా తొడుక్కుంటూనే బోటిమ్ యాప్‌లో తల్లికి ఫోన్ కలిపాడు. మాట్లాడుతూ వంటింట్లోకి వెళ్లాడు. పది నిమిషాల తర్వాత తిరిగి వచ్చేసరికి అతని ముఖం పాలిపోయి ఉంది. మనస్వి రెక్క పట్టుకొని పక్కగదిలో సర్వర్ బేగం దగ్గర దించాడు. వెనక్కి వచ్చి తలుపు వేసి, తాళం తిప్పి, తాళంచెవి ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు పోవద్దు. ఇయ్యాల మూల నక్షత్రం. మొదటి పాదం నడుస్తంది," అన్నాడు. "గిప్పుడు పుడితే తండ్రికి గండం. పంతులు సూసి చెప్పిండు. నాలుగు పది దాటినంక పోదాం."

కల్పనకు అతను వేళాకోళం ఆడుతున్నాడేమో అనిపించింది. ముఖం చూశాక ఆ అనుమానం పోయింది. గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది.

"నాలుగ్గంటలు ఆగాల్నా? డాక్టరమ్మ ఏం చెప్పిందో నువ్వు ఇనలేదా? కుట్టు పిగుల్తది!"

"ఏం గాదు. మా అమ్మ ఆరుగుర్ని కన్నది. నొప్పులు మొదలైనంక రొండు దినాలు ఆగింది."

"మీ అమ్మకు పొట్ట కొయ్యలే! తాళం తియ్యి."

తీయలేదు. ఆమె అతని జేబులో చెయ్యి పెట్టబోయింది. ఏడేళ్ల కాపురంలో భూమేశ్ రెండుసార్లు చెయ్యెత్తి రెండుసార్లూ దించుకున్నాడు. ఈసారి దించుకోలేదు. దెబ్బకు కల్పన చెంప పళ్ల మీద తెగి నోట్లో ఉప్పగా నెత్తురు ఊరింది. ఆమె మంచం పట్టె మీద పడింది. లేచి ఫోన్ అందుకోబోతే అతను లాక్కుని అలమారా మీదికి విసిరేశాడు. కెవ్వున అరిచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి కొరికింది. అతను జుట్టు పట్టి మంచం మీదికి తోశాడు.

ఆ గది గదేమీ కాదు, ఒక హాలును తెల్ల జిప్సం పలకలతో మూడు ముక్కలు చేస్తే వచ్చిన ఒక ముక్క. తుమ్మితే పక్కవాళ్లు చిరంజీవ అంటారు. ఈ అరుపులు వినపడకుండా ఉంటాయా? పక్క ముక్కలో నెల్లూరు నుంచి వచ్చిన అల్లాబకాష్, సర్వర్ బేగం ఉంటారు. అతను లాండ్రీ వ్యాను నడుపుతాడు, ఆమె మూడిళ్లలో వంట చేస్తుంది. ఆదివారం గనక ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. మూడో ముక్కలోని వాళ్లు డ్యూటీకి పోయారు.

సర్వర్ బేగం వచ్చి తలుపు మీద దబదబా బాదింది. "భూమేశూ! ఏంది అబ్బయ్యా ఆ కొట్టేది? బిడ్డ కడుపుతో ఉండాది, బుద్ధుండాదా నీకు?"

"మా ఇంటి సంగతి ఖాలా. నువ్వు పో."

"ఖాలా! నొప్పులొస్తున్నయి, తాళం ఏసిండు!" అని కల్పన అరిచింది.

అంబులెన్సును పిలవాలని సర్వర్ బేగం ఫోన్ తీసింది. అల్లాబకాష్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అంబులెన్సు వెనకే పోలీసొస్తాడు, పోలీసొస్తే ఈ పలకల గోడలు చూస్తాడు, ఇలా గదులు కొట్టడం ఇక్కడ నేరం, రాత్రికి అందరం రోడ్డు మీదే అని అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆమె ఫోన్ లోపల పెట్టేసింది. ఆ తర్వాత రెండు గంటలు ఆ ముసలిది తలుపు కొడుతూ, బతిమాలుతూ, తిడుతూ, దువా చదువుతూ గడిపిందే కానీ ఫోన్ మళ్లీ తీయలేదు. ఈ పాపంలో ఆమెకూ చిటికెడు వాటా ఉంది. తర్వాత ఆమే ఒప్పుకుంది కాబట్టి నేను చెబుతున్నాను.

ఒంటిగంటకు నొప్పులు ఐదు నిమిషాలకొకటి వస్తున్నాయి. రెండింటికి మూడు నిమిషాలకొకటి. కల్పన మంచం పట్టె కొరుకుతోంది. భూమేశ్ గడియారం ముందు నిలబడి ముల్లును కళ్లతో తోస్తున్నాడు. మధ్యమధ్య ఆమె నుదురు తుడిచాడు కూడా. నీళ్లు తాగించబోతే ఆమె ఆ గ్లాసు అతని ముఖాన కొట్టింది.

రెండుంబావుకు ఉమ్మనీరు పోయింది. పరుపు తడిసి నీళ్లు నేల మీదికి కారాయి. అది చూడగానే భూమేశ్‌కు ఉన్న కాస్త మతీ పోయింది. ఇంకా దాదాపు రెండు గంటలు ఉంది, ఇప్పుడే బయటపడేట్టుంది అనుకున్నాడు. మేకుకు వేలాడుతున్న సేఫ్టీ బెల్టు తీశాడు. దాని తాడుతో కల్పన రెండు చీలమండలూ దగ్గరికి లాగి కట్టేశాడు. ఆమె తన్నింది, గిలగిల కొట్టుకుంది. అతను మోకాళ్ల మీద కూర్చుని, తన బరువంతా వేసి, ఆమె తొడలు దగ్గరికి అదిమి పట్టుకున్నాడు.

"ఆపుకో కల్పనా. జర్రంత ఆపుకో. నీ కాల్మొక్త," అని ఏడ్చాడు.

కాళ్లు కట్టేసినవాడే కాళ్లు మొక్కుతానంటున్నాడు. అతను ఏడుస్తుంటే కల్పనకు జాలి కలగలేదు. అతను చచ్చిపోతే బాగుండునని మొదటిసారి, స్పష్టంగా, మాటల్లో అనుకుంది. కడుపులో బిడ్డ తల కిందికి తోసుకొస్తోంది, దారి లేక పాత కోత వైపు ఒత్తుతోంది. ప్రతి నొప్పికీ ఆ కోత పొడవునా నిప్పు పెట్టినట్టుంది. ఆమె అరిచిన అరుపుకు అవతలి గదిలో మనస్వి కూడా అరిచింది.

ఆ పసిదాని అరుపుతో సర్వర్ బేగం లేచింది. మొగుడు ఏదో అనబోతే, "నువ్వు నోరు మూసుకో! పోతే పోనీ కొంప!" అంది. అల్లం దంచే ఇనప రోకలి రెండు చేతులా ఎత్తి గోడకేసి కొట్టింది. జిప్సం పలక అప్పడంలా విరిగింది. రెండో దెబ్బకు తెల్లదుమ్ము ఇటువైపు మంచం మీద రాలింది. మూడో దెబ్బకు కంత పడి అందులోంచి ఆమె చెయ్యి, రోకలి లోపలికి వచ్చాయి.

భూమేశ్ ఎగిరి ఆ రోకలి పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. పలకల మధ్య రేకు అంచు ఆమె మణికట్టును కోసుకుంటూ పోయింది. నెత్తురు గోడ మీద నిలువునా చారకట్టింది. అయినా ఆమె వదల్లేదు. కంత అవతలి నుంచి తిడుతూనే ఉంది. "నీ అమ్మ కడుపున నువ్వు కాకండా బండరాయి పుట్టుంటే బాగుండేదిరా!"

అల్లాబకాష్ ఇక ఊరుకోలేక తలుపును భుజంతో గుద్దడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు భూమేశ్ ఫోన్ మోగింది. మూడున్నర. తెర మీద లింగవ్వ. ఒక చేత్తో రోకలి పట్టుకునే, రెండో చేత్తో ఫోన్ ఎత్తాడు. ఆమె గొంతు గదంతా వినపడింది.

"ఏమైందిరా కొడుకా? అయిదైతంది, చడీ లేదు చప్పుడు లేదు. దవాఖానకు పోయిండ్రా? పుట్టిందా?"

భూమేశ్ గోడ గడియారం వైపు చూశాడు. "అయిదేందే? మూడున్నరే అయింది. ఇంక నలభై నిమిషాలున్నది."

"మూడున్నరేందిరా? ఈడ అయిదాయె. మొదటి పాదం పోయి గంట కావస్తంది."

ఇది ఎవరికి చెప్పుకోవాలి? పదకొండేళ్లుగా ఆ మనిషి ఊరికి ఫోన్ చేసిన ప్రతిసారీ గంటన్నర కలుపుకున్నాడు. అమ్మ నిద్రపోయి ఉంటుంది, ఇప్పుడు పాలు పితుకుతుంటుంది అని కళ్లు మూసుకొని చెప్పేవాడు. అలాంటివాడు పంతులు చెప్పిన నాలుగు పదిని షార్జా గడియారంలో వెతుక్కున్నాడు. జగిత్యాల నాలుగు పది అంటే ఇక్కడ రెండూ నలభై. పెళ్లాం కాళ్లు కట్టి, ఆమె మీద ఎక్కి కూర్చున్న సమయంలో యాభై నిమిషాలు అతని లెక్కకు కూడా పనికిరానివి.

భూమేశ్ ముఖం వికసించింది. నవ్వాడు. నిజంగా నవ్వాడు. రోకలి వదిలేశాడు. "అయిపోయిందే కల్పనా! గండం పోయింది! పా, పా, యల్లా!" అంటూ వంగి ఆమె కాళ్ల తాడు విప్పాడు. తాళం తిప్పి తలుపు బార్లా తెరిచాడు. ఆస్పత్రి బ్యాగు భుజాన వేసుకున్నాడు.

కల్పన మెల్లగా లేచి కూర్చుంది. భూమేశ్ పడేసిన ఫోన్ పరుపు మీదే ఉంది, లింగవ్వ ఇంకా అందులోనే ఉంది.

"అత్తా," అంది. నోట్లో నెత్తురు వల్ల మాట ముద్దగా వచ్చింది. "మొదటి పాదం తండ్రికి గండమైతే, రొండో పాదం ఎవలకు?"

"గదంత ఇప్పుడెందుకు బిడ్డా, ముందుగాల దవాఖానకు పోండ్రి," అంది లింగవ్వ.

"చెప్పత్తా."

"తల్లికంటరు బిడ్డా. గది పెద్దగ పట్టించుకోకు. శాంతి జేపిస్తే పోతది."

కల్పన భూమేశ్ వైపు తిరిగింది. "నీకు ఎరికేనా?"

అతను బ్యాగు పట్టీ సర్దుకున్నాడు. "శాంతి జేపిద్దామని అమ్మ అన్నది గదా."

"ఎప్పుడన్నది? ఇప్పుడా, పొద్దుగాల్నా?"

అతను బ్యాగు జిప్పు లాగాడు. పొద్దున వంటింట్లో పది నిమిషాలు ఏం మాట్లాడాడో అప్పుడు ఆమెకు అర్థమైంది. మూడున్నర గంటలుగా అతను బిడ్డను ఆపింది తన మీది చావును భార్య మీదికి జరపడానికి. తెలిసే జరిపాడు. ఏడుస్తూ జరిపాడు.

సేఫ్టీ బెల్టు పక్కనే పడి ఉంది. పైపులు బిగించే స్పానర్ దానికి తగిలించి ఉంది, మూరెడు ఇనుము. కల్పన దాన్ని లాగి పట్టుకుని మంచం దిగింది. భూమేశ్ మోచెయ్యి అడ్డం పెట్టాడు. మొదటి దెబ్బ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న అల్లాబకాష్‌కు కూడా వినపడింది. అతను చెయ్యి దించగానే రెండోది నుదుటి మీద పడింది. నెత్తురు కళ్లలోకి దిగి అతను గోడకు జారగిలబడ్డాడు. ఆమె మూడోసారి ఎత్తింది. మూడోది పడి ఉంటే పంతులు జోస్యం మొత్తం తారుమారయ్యేదే.

పడలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా ఆమె కడుపులో ఏదో తెగింది. నొప్పి పెరగలేదు, ఒక్కసారిగా ఆగిపోయింది. అంతసేపూ రాయిలా ఉన్న పొట్ట మెత్తబడింది. కాళ్ల వెంట వేడిగా కారింది. స్పానర్ చేతిలోంచి జారింది.

"ఖాలా, కుట్టు," అంది. ఆ తర్వాత నిలబడలేకపోయింది.

అల్లాబకాష్ ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. లాండ్రీ వ్యానులో ఇస్త్రీ దుప్పట్ల మూటల మీద పడుకోబెట్టాడు. సర్వర్ బేగం తన నెత్తురు మణికట్టుతోనే ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. మనస్వి ముందు సీట్లో బెల్టు పెట్టుకొని, వెనక్కి తిరిగి చూస్తూ కూర్చుంది. రెండు ఎర్ర దీపాలు ఆగకుండా దాటేశారు. ఎవరో హోటల్‌కు పోవాల్సిన తెల్ల దుప్పట్లు ఒకటి తర్వాత ఒకటి ఎర్రగా తడిశాయి.

కల్పన మరునాడు పొద్దున కళ్లు తెరిచింది. మంచం పక్కన పద్మజ అనే నర్సు ఉంది, కాకినాడ అమ్మాయి. మగబిడ్డ, బతికే ఉన్నాడు, అద్దాల పెట్టెలో గొట్టంతో ఊపిరి పోస్తున్నారు, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం అంది. గర్భసంచి అడ్డంగా చీలిపోయిందనీ, తీసేయాల్సి వచ్చిందనీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మీ కాళ్ల మీద కట్టిన గుర్తులు, చెంప మీద దెబ్బ డాక్టరుగారు రిపోర్టులో రాశారండీ. రాయక తప్పదు. పోలీసామె వచ్చి బయట కూర్చుంది. మీరు మాట్లాడగలిగితే లోపలికి పిలుస్తాను."

అంతకంటే ముందు భూమేశ్ వచ్చాడు. నుదుటికి పదకొండు కుట్లు, చేతికి పిండికట్టు. పక్కన కూర్చుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మెట్ల మీద జారి వడ్డ అని చెప్పు. నేను గూడ నిచ్చెన మీదికెల్లి వడ్డ అని రాయించిన. నువ్వు కొట్టినవని చెప్పలే. నేను లోపలికి పోతే ఉద్యోగం ఖలాస్, నీ వీసా ఖలాస్, మనస్వి బడి ఖలాస్. కోపంల ఆగం చెయ్యకు."

అతను చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆమె వీసా అతని పేరు మీదే ఉంది. మనస్వికి ఈ మధ్యనే బడి అలవాటైంది. తను కొట్టిందని తేలితే తనను మాత్రం ఊరుకుంటారా? కల్పన కప్పు వైపు చూస్తూ పడుకుంది. మెట్ల మీద జారాను, అంటే సరిపోతుంది. నోటి దాకా వచ్చింది కూడా.

"బాబును చూసినవా?" అని అడిగింది.

భూమేశ్ తల వంచుకున్నాడు. సెలైను మారుస్తున్న పద్మజే జవాబు చెప్పింది. "పొద్దున నేనే తీసుకెళ్లానండీ. అద్దం ముందు నిలబెట్టి, అదిగో ఆ మూడో పెట్టె అంటే చేత్తో కళ్లు మూసుకున్నారు. ఎంత చెప్పినా తీయలేదు. తట్టుకోలేకపోయారేమో పాపం."

కల్పన అతని వైపు తల తిప్పింది. "ఎందుకు మూసుకున్నవ్?"

"మూలల పుట్టినోని మొఖం శాంతి అయ్యేదాక తండ్రి సూడొద్దట," అన్నాడు. "ఏ పాదమైనా గంతేనట."

కల్పన అతని వైపు నుంచి తల తిప్పేసుకుంది. తర్వాత పద్మజతో, "ఆ పోలీసామెను పిలువు చెల్లె," అంది.

పోలీసామె వచ్చి, ముందు భూమేశ్‌ను బయటికి పంపి, కుర్చీ లాక్కుని కూర్చుంది. పద్మజ మధ్యలో నిలబడి ఇటు తెలుగు, అటు హిందీ చెప్పింది. కల్పన పదకొండున్నర దగ్గర మొదలుపెట్టి ఏదీ వదలకుండా చెప్పింది. తాళం, చెంపదెబ్బ, బెల్టు తాడు, తొడల మీద అతని బరువు. స్పానర్‌తో తను రెండుసార్లు కొట్టింది కూడా చెప్పి, అది కూడా రాసుకోమంది. ఎందుకు కట్టేశాడు అని పోలీసామె అడిగింది. నక్షత్రం, పాదం అని పద్మజ హిందీలో తంటాలు పడుతుంటే కల్పన అడ్డం వచ్చింది.

"ఆయన సావకుండ నేను సావాలని కట్టేసిండు. గట్ల చెప్పు, సమజైతది."

పద్మజ అలాగే చెప్పింది. పోలీసామె కలం ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. చివర్లో ఆమె, ఇదంతా రాశాక వెనక్కి తీసుకోవడం కష్టం, భర్తను తీసుకెళ్తాం, స్పానర్ దెబ్బలకు నువ్వూ జవాబు చెప్పాల్సి రావచ్చు, నీకూ పిల్లలకూ ఈ దేశంలో ఉండడం కష్టం కావచ్చు, తెలుసా అని అడిగింది.

"ఎరికె," అంది కల్పన. వేలిముద్ర వేసింది. పొట్ట మీది కొత్త కుట్టును అరచేత్తో అదిమిపట్టి లేవబోయింది.

"ఎక్కడికండీ? లేవకూడదు మీరు!"

"నా కొడుకు దగ్గరికి తీస్కపో. పుట్టినకాన్నుంచి వాణ్ని ఇంట్లోల్లు ఎవ్వలు సూడలే."

పద్మజ చక్రాల కుర్చీ తేవడానికి వెళ్లింది.